వయసు మళ్లిన రాజు గద్దె దిగాలా, ప్రాణం ఉన్నంతవరకు కూర్చోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డెన్మార్క్ రాణి రెండో మార్గరెథె 2024 జనవరిలో కొడుక్కి సింహాసనం అప్పగించి పక్కకు తప్పుకున్నారు. అదే నెలలో నార్వే రాజు ఐదో హరాల్డ్, ఆమెకంటే మూడేళ్లు పెద్దవారు, "నేను పార్లమెంటు ముందు ప్రమాణం చేశాను, అది జీవితాంతం" అని తేల్చేశారు. ఇద్దరిలో ఎవరిది సరి? ముసలి రాజు తప్పుకోవడం బాధ్యత అనాలా, బాధ్యత వదిలించుకోవడం అనాలా? చివర్లో తప్పుకున్న రాజును ఏమని పిలుస్తారని కూడా అడిగారు. దానికి నేనూ చివర్లోనే జవాబు చెబుతాను.

డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి నేను. ఐరోపా రాజ్యాంగ చరిత్ర నా పేపరు. ఏటా రెండో సంవత్సరం పిల్లలకు ఇదే అంశం మీద చర్చ పెట్టేవాణ్ణి. అందువల్ల దీనికి రెండు వైపులా ఎంత గొంతు చించుకుని వాదించవచ్చో బాగా తెలుసు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. తప్పుకోవడమే మంచిది. కానీ ఎప్పుడు తప్పుకోవాలో తేల్చుకునే భారం రాజు ఒక్కడి మీద పెట్టకూడదు. ముందే రాసిపెట్టిన నియమం ఉండాలి. అది లేని చోట ముసలి రాజు దిగినా నిందే, దిగకపోయినా నిందే. హరాల్డ్‌ను నేను తప్పుపట్టను. ఆయన చెప్పిన కారణం మాత్రం నాకు నచ్చలేదు.

ముందు డెన్మార్క్ సంగతి. మార్గరెథె 1972 జనవరి 14న తండ్రి చనిపోవడంతో రాణి అయ్యారు. గద్దె దిగే ప్రసక్తే లేదని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మనిషి. 2023 ఫిబ్రవరిలో వెన్నెముకకు పెద్ద శస్త్రచికిత్స జరిగింది. మంచం మీద ఉన్న రోజుల్లో ఆలోచన మొదలైందని ఆమే చెప్పుకున్నారు. డిసెంబరు 31 రాత్రి దేశమంతా టీవీ ముందు కూర్చుని వినే కొత్త సంవత్సర ప్రసంగంలో, ఎవరూ ఎదురుచూడని మాట బయటపెట్టారు. రెండు వారాలకు, సరిగ్గా యాభై రెండేళ్లు నిండిన రోజున, క్రిస్టియన్స్‌బోర్గ్ భవనంలో మంత్రిమండలి బల్ల ముందు సంతకం చేశారు. ఆ దృశ్యం మీరు చూసి ఉంటారు, చూడకపోతే తప్పక చూడండి. సంతకం అయ్యాక ఆమె బల్ల కొసనున్న కుర్చీలోంచి లేచి, కొడుకును అందులో కూర్చోమన్నారు. అతను కూర్చున్నాడు. "దేవుడు రాజును కాపాడుగాక" అని ఒక్క మాట అని, చేతికర్ర పట్టుకుని గది దాటి వెళ్లిపోయారు. కిరీటం లేదు, పట్టాభిషేకం లేదు. కుర్చీ మారింది, అంతే. ఆ దేశంలో స్వచ్ఛందంగా గద్దె దిగిన రాజు అంతకుముందు 1146లో ఒకరున్నారు. అంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత జరిగిన పని అది.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ గదిలో మనవడు క్రిస్టియన్ కూడా ఉన్నాడు. 2023 అక్టోబరులోనే అతనికి పద్దెనిమిది నిండాయి. కొడుకు రాజైతే, రాజు ఊళ్లో లేనప్పుడు సంతకం పెట్టగలిగే వయసు వచ్చిన యువరాజు సిద్ధంగా ఉన్నాడన్నమాట. రాణి ఈ లెక్క చూసుకునే ముహూర్తం పెట్టారా అంటే నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ యాభై రెండేళ్లు రాజ్యాంగ పదవిలో ఉన్న మనిషికి ఈ లెక్క తెలియకుండా ఉంటుందా?

ఇక నార్వే. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే హరాల్డ్ మొండితనంగా మనకు కనిపించేది ఆ ఇంటి ఆనవాయితీ. ఆయన తాత ఏడో హాకోన్ 1955లో స్నానాలగదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. మళ్లీ కోలుకోలేదు. 1957లో చనిపోయేదాకా కొడుకు ఓలావ్ రాజప్రతినిధిగా పని నడిపారు, పేరు మాత్రం తండ్రిదే. ఓలావ్ రాజయ్యారు, ముసలివారయ్యారు, 1990లో పక్షవాతం వచ్చింది. అప్పుడు హరాల్డ్ రాజప్రతినిధి. 1991 జనవరిలో తండ్రి పోయాక రాజు. 2024 ఫిబ్రవరి చివర్లో మలేషియాలోని లంకావిలో సెలవులో ఉండగా హరాల్డ్ ఆస్పత్రి పాలయ్యారు. అక్కడ తాత్కాలికంగా పేస్‌మేకర్ పెట్టి స్వదేశానికి తీసుకొచ్చారు, మార్చిలో ఓస్లోలో శాశ్వతమైనది అమర్చారు. ఆ వారాల్లో యువరాజు హాకోన్ రాజప్రతినిధి. మూడు తరాలుగా ఒకటే పద్ధతి: పని కొడుకుది, పేరు తండ్రిది.

కాబట్టి మీ ప్రశ్నను కొద్దిగా సవరిస్తాను. రాజు దిగాలా వద్దా అన్నది పైకి కనిపించే ప్రశ్న. పనీ పేరూ ఒకరి దగ్గరే ఉండాలా, చెరొకరి దగ్గరా ఉండవచ్చా అన్నది అసలు ప్రశ్న.

ప్రమాణం మాటకొస్తే, నార్వే రాజ్యాంగం తొమ్మిదో అధికరణంలో ఆ ప్రమాణ పాఠం ఉంది. రాజ్యాంగానికీ చట్టాలకూ లోబడి రాజ్యం ఏలుతానని, దేవుడు తోడుండాలని రెండు ముక్కలు. 'జీవితాంతం' అన్న మాట అందులో ఎక్కడా లేదు. అది హరాల్డ్ తన మనస్సాక్షి నుంచి చేర్చుకున్న మాట. గౌరవించవలసిన మాటే. కానీ రాజ్యాంగం అడిగినది కాదు.

ఈ రాజప్రతినిధి పద్ధతి ఎందుకు చాలదో నాకు అందరికంటే బాగా చెప్పినవారు జపాన్ చక్రవర్తి అకిహితో. ఆయన ఇబ్బంది చూడండి. జపాన్ రాజ్యాంగం ప్రకారం చక్రవర్తికి ప్రభుత్వ వ్యవహారాల్లో ఏ అధికారమూ లేదు. గద్దె దిగడానికి చట్టంలో దారి లేదు. దారి వేయమని అడిగితే చట్టసభకు సలహా ఇచ్చినట్టవుతుంది, అది రాజ్యాంగ విరుద్ధం. అంటే "నేను అలసిపోయాను, వెళ్లిపోతాను" అనే హక్కు కూడా ఆయనకు లేదు. 2003లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు, 2012లో గుండెకు శస్త్రచికిత్సలు జరిగాయి. ఎనభై రెండేళ్ల వయసులో, 2016 ఆగస్టు 8న, టీవీలో ప్రజలనుద్దేశించి మాట్లాడారు. గద్దె దిగుతానన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఒంట్లో శక్తి తగ్గుతోందని, ఇప్పటిదాకా చేసినట్టు మనసుపెట్టి విధులు చేయలేనేమోనని భయంగా ఉందని మాత్రం అన్నారు. వినేవాళ్లకు అర్థమైంది.

అదే ప్రసంగంలో రాజప్రతినిధి సంగతీ ఎత్తారు. ప్రతినిధిని పెట్టినా, విధులు చేయలేని మనిషే చచ్చేదాకా చక్రవర్తిగా కొనసాగుతాడు కదా అన్నారు. ఆయన ఇంట్లోనూ ఆ అనుభవం ఉంది. తాత తైషో చక్రవర్తి అనారోగ్యం వల్ల 1921 నుంచి 1926 దాకా తండ్రి హిరోహితోయే ప్రతినిధిగా ఉన్నారు. తర్వాత ఆ హిరోహితో మరణశయ్య మీద ఉన్న 1988-89 నాటి నూట పదకొండు రోజులను అకిహితో కళ్లారా చూశారు. సెప్టెంబరు 19న రక్తం కక్కుకున్న దగ్గర్నుంచి జనవరి 7న పోయేదాకా దేశమంతా ఊపిరి బిగపట్టుకుంది. రోజూ ఎంత రక్తం ఎక్కించారో వార్తల్లో చెప్పేవారు. ఊళ్లలో జాతరలు ఆపేశారు, పెళ్లిళ్లు వాయిదా వేసుకున్నారు. ఆ రోజుల్లో ఒక కారు ప్రకటన వచ్చేది. అందులో ఒక గాయకుడు కారు కిటికీలోంచి "అందరూ కులాసాయేనా?" అని పలకరిస్తాడు. చక్రవర్తి చావుబతుకుల్లో ఉంటే కులాసా అడగడం ఏమిటని ఆ మాట తీసేశారు. పెదవులు కదులుతూనే ఉండేవి, మాట వినిపించేది కాదు. క్లాసులో ఈ ముక్క చెప్పినప్పుడు పిల్లలు నవ్వేవారు, తర్వాత చప్పుడు లేకుండా కూర్చునేవారు.

చక్రవర్తి పోతే రెండు నెలల పాటు రోజూ జరిగే సంతాప విధులు, ఏడాది పాటు సాగే అంత్యక్రియల తంతు, వాటి మధ్యలోనే కొత్త చక్రవర్తి పట్టాభిషేకం పనులు. ఇంటివాళ్లు నలిగిపోతారని కూడా అకిహితో అన్నారు. చివరికి 2017 జూన్‌లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసింది, ఆయన ఒక్కరికే, ఆ ఒక్కసారికే వర్తించేలా. 2019 ఏప్రిల్ 30న దిగారు. 1817 తర్వాత జపాన్‌లో చక్రవర్తి బతికుండగా గద్దె దిగడం అదే మొదలు. జపాన్‌లో చక్రవర్తి మారితే శకం పేరు మారుతుంది, క్యాలెండర్ల నుంచి ప్రభుత్వ దరఖాస్తుల దాకా అన్నీ మారాలి. ఈసారి కొత్త పేరును నెల ముందే, ఏప్రిల్ 1న ప్రకటించి, కంప్యూటర్లు సరిచేసుకోవడానికి గడువిచ్చారు. ఏడుస్తూ మారే శకం, సెలవులు పెట్టుకుని సంబరంగా మారింది. తప్పుకోవడం వల్ల మామూలు మనిషికి కలిగే మేలు ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చూపిస్తాను.

ఒక్కసారికే చట్టం ఎందుకు అని మీరు అడగవచ్చు. వాళ్ల చరిత్ర భయం అది. 1086లో షిరకవా చక్రవర్తి ఎనిమిదేళ్ల కొడుక్కి గద్దె ఇచ్చి, తాను తెర వెనక కూర్చుని 1129లో చనిపోయేదాకా ముగ్గురు చక్రవర్తుల కాలంలో పెత్తనం చేశాడు. కుర్చీ దిగాడు కానీ తాళంచెవుల గుత్తి నడుముకే ఉంది. మన ఇళ్లలో కోడలికి వంటిల్లు అప్పగించి, ఆవకాయ జాడీ తాళం మాత్రం కొంగున కట్టుకునే అత్తగార్లు లేరా? అదే రకం.

నేను ఇలాంటి మార్పును దగ్గర నుంచి చూసింది ఒక్కసారే, అదీ టీవీలోనే. 2013 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఏప్రిల్ 30న రాణి బెయాట్రిక్స్ దిగి, కొడుకు విలెమ్ అలెగ్జాండర్ రాజవుతున్నాడు. పక్కింటి పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి, పైన నారింజ రంగు పాకం పూసిన క్రీము కేకులు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ కేకును మర్యాదగా తినడం ఎవరి వల్లా కాదు. పైనుంచి కొరికితే మధ్యలోని క్రీము పక్కలకు జారిపోతుంది. మేం వేళ్లు నాకుతూ ఉండగా అక్కడ ఆమ్‌స్టర్‌డామ్‌లో సంతకం అయిపోయింది. నేను చరిత్ర మేస్టారి ధోరణిలో, "మీకు బాధగా లేదా?" అని అడిగాను. ఆవిడ వింతగా చూసి, "డెబ్బై అయిదేళ్లు వచ్చాయి, చాలినంత పని చేసింది" అంది. అంతే. ఉద్యోగ విరమణ గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. ఆవిడ చిన్నతనంలో, 1948లో, విల్హెల్మినా రాణి దిగింది. 1980లో యూలియానా దిగింది. ఇది మూడోది. ఆనవాయితీ కుదిరిన చోట గద్దె దిగడం వార్త అవుతుంది, సంక్షోభం కాదు.

అక్కడ తేలికగా జరగడానికి ఇంకో కారణం ఉందని నా అభిప్రాయం. డచ్చి రాజు తలమీద కిరీటం పెట్టరు. చర్చిలో బల్ల మీద పెట్టి ఉంచుతారు, రాజు పక్కన కూర్చుని రాజ్యాంగం మీద ప్రమాణం చేస్తాడు. తలకెక్కని కిరీటాన్ని దించడం సులువు. బ్రిటన్ అలా కాదు. 1953 జూన్ 2న రెండో ఎలిజబెత్‌కు ఆర్చిబిషప్ పవిత్ర తైలంతో అభిషేకం చేశారు. ఆమెకు అది దేవుడి ముందు జరిగిన ఒప్పందం. పైగా ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1936లో, పెదనాన్న ఎనిమిదో ఎడ్వర్డ్ పెళ్లి కోసం గద్దె వదిలేస్తే ఇల్లంతా కుదుపుకు లోనైంది. ఆ ఇంట్లో 'త్యాగం' అన్న మాటకు అర్థం వేరే. బ్రిటన్ రాజు తనంతట తాను దిగనూ లేడు, పార్లమెంటు చట్టం చేయాలి. ఇప్పుడు ఆయన మరో పద్నాలుగు దేశాలకు కూడా రాజు, అక్కడి మాటా చూసుకోవాలి.

దాని ఫలితం 2022 మే 10న కనిపించింది. పార్లమెంటు ప్రారంభోత్సవానికి రాణి రాలేకపోయారు. చార్లెస్ ప్రసంగం చదివారు. పక్కన దిండు మీద కిరీటం. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్లు, చాలామంది పింఛను తీసుకునే వయసు. అదే ఏడాది సెప్టెంబరులో రాజయ్యారు, 2024 ఫిబ్రవరిలో క్యాన్సర్ అని ప్రకటించారు. ముసలి రాజు దిగకపోతే వచ్చే చిక్కు ఇదే, వారసుడూ ముసలివాడై ఎక్కుతాడు. ఎలిజబెత్ తన మాట నిలబెట్టుకున్నారు, కాదనను. కానీ ఆ మాట ఖరీదులో కొంత కొడుకు కట్టాడు.

రాజులు దిగకపోవడానికి పైకి చెప్పని కారణం కూడా ఒకటి ఉంది. కుర్చీలో ఉన్నంతకాలం కోర్టులు వాళ్లను ముట్టుకోలేవు. బెల్జియం రాజు రెండో ఆల్బర్ట్ 2013లో దిగారు. దిగాక ఆ రక్షణ పోయింది, తాను ఆయన కూతుర్నని ఒకావిడ వేసిన దావా కోర్టులో నడిచింది, చివరికి డీఎన్ఏ పరీక్ష తర్వాత 2020లో ఒప్పుకోక తప్పలేదు. స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ కథ ఇంకా చేదు. దేశం ఆర్థిక సంక్షోభంలో ఉన్న 2012లో బోట్స్‌వానాలో ఏనుగుల వేటకు వెళ్లి తుంటి విరగ్గొట్టుకున్నారు, ఆ వేట సంగతి అలా బయటపడింది. ఆస్పత్రి నుంచి బయటికొస్తూ క్షమాపణ చెప్పారు. 2014 జూన్‌లో దిగారు. 2020లో దేశమే వదిలి అబుదాబి వెళ్లారు. ఇది కూడా వయసు మళ్లిన రాజు వారసుడికి అప్పగించడమే, కాగితం మీద. నిజానికి అది రాజరికాన్ని కాపాడుకోవడానికి రాజును బయటికి పంపడం. కొడుకు ఫెలిపె పగ్గాలు పట్టేనాటికే పరువు సగం పోయింది. ఇంకో నాలుగైదేళ్ల ముందు గౌరవంగా తప్పుకుని ఉంటే ఎలా ఉండేదో!

ఇప్పుడు మీరు జాగ్రత్త పడవలసిన సంగతి. తప్పుకోవడం మంచిదన్నాను కదా అని, ఎలా తప్పుకున్నా మంచిదే అనుకోకండి. మన కృష్ణదేవరాయలనే తీసుకోండి. 1524 ప్రాంతంలో ఆరేళ్ల కొడుకు తిరుమల రాయలకు పట్టం కట్టారు. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ కొద్ది సంవత్సరాల తర్వాత రాసినదాని ప్రకారం, రాయలు గద్దెను పిల్లవాడికిచ్చి తాను మంత్రిగా ఉన్నాడట. ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయట. ఆ ఉత్సవాల్లోనే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానం తిమ్మరుసు కొడుకు మీద పడింది, తండ్రినీ కొడుకునూ ఖైదు చేసి కళ్లు తీయించారని ఆ రాతలోనే ఉంది. విషం మాట నిజమో కాదో న్యూనిజ్ ఒక్కడి మాట మీద తేల్చలేం. కానీ పిల్లవాడి పేరు ఆ కాలపు శాసనాల్లో ఉంది, తర్వాత రాజైనవాడు రాయల తమ్ముడు అచ్యుతుడు. రాయలకు అప్పటికి గట్టిగా యాభై మూడేళ్లు. ఎందుకంత తొందర? తన తర్వాత దాయాదులు పిల్లవాణ్ణి బతకనివ్వరేమోనన్న భయం అయి ఉంటుందని నా ఊహ. భయంతో కట్టిన పట్టం ఆ పిల్లవాణ్ణే గురి చేసి చూపించింది.

తమాషా ఏమిటంటే, దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, 1724 జనవరిలో, స్పెయిన్ రాజు ఐదో ఫెలిపె పదహారేళ్ల కొడుకు లూయిస్‌కు గద్దె ఇచ్చి తప్పుకున్నాడు. ఏడు నెలలకు కొడుకు మశూచితో పోయాడు. దిగిన తండ్రి మళ్లీ ఎక్కాడు. పరీక్షల్లో ఈ రెండు ఘట్టాలనూ పోల్చమని ప్రశ్న ఇచ్చేవాణ్ణి. మంచి విద్యార్థులు కూడా తేదీలు రాసి ఊరుకునేవారు. ఒకమ్మాయి మాత్రం, "ఇద్దరూ వారసుడి వెనక వారసుడెవరో చూసుకోలేదు" అని రాసింది. పదికి పది వేశాను.

వారసుడు బతికున్నా సిద్ధంగా లేకపోతే ఎలా ఉంటుందో 1555 అక్టోబరు 25న బ్రసెల్స్‌లో తెలిసింది. కీళ్లవాతంతో కుంగిపోయిన ఐదో చార్లెస్ చక్రవర్తి ఒక కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి సభలోకి వచ్చాడు. వీడ్కోలు ప్రసంగం విని సభంతా కన్నీళ్లు పెట్టుకుంది. తర్వాత కొత్త ప్రభువు, కొడుకు ఫిలిప్ వంతు. అతనికి ఫ్రెంచి సరిగా రాదని, తన బదులు ఒక బిషప్ మాట్లాడతాడని చెప్పి కూర్చున్నాడు. తన భాష రాని ప్రభువుతో ఆ దేశం, అంటే నెదర్లాండ్స్, పదమూడేళ్లకు యుద్ధానికి దిగింది. తిరుగుబాటుకు నాయకుడు ఎవరనుకున్నారు? ఆ రోజు ముసలి చక్రవర్తికి భుజం ఇచ్చిన కుర్రవాడే, ఆరెంజ్ విలియం. ఆ వంశం పేరు మీదే మా పక్కింటావిడ తెచ్చిన కేకుకు ఆ రంగు.

దీనికి ఎదురు ఉదాహరణ మన ఓరుగల్లులోనే ఉంది. కాకతి గణపతిదేవుడు ఒక్కసారిగా దిగలేదు. 1260 ప్రాంతం నుంచి కూతురు రుద్రమను పాలనలో తన పక్కన నిలబెట్టి, మెల్లగా వెనక్కి జరిగాడు. ఆడది రాజ్యం ఏలడమేమిటనే సామంతులకు అలవాటు పడడానికి కొన్ని సంవత్సరాలు దొరికాయి. పూర్తి పట్టాభిషేకం 1269లో. ఆ వారసురాలి మీద అభ్యంతరాలు ఉన్నాయి కాబట్టే తండ్రి బతికుండగా అప్పగించడం అవసరమైంది.

చర్చలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు దశరథుణ్ణి తెచ్చేవారు. ముసలితనం వచ్చింది, రాముడికి అప్పగిస్తానన్నాడు కదా, ఏమైంది చూడండి అని. నేను చెప్పేది ఒకటే. అప్పగించాలనుకోవడంలో తప్పు లేదు. భరతుడు ఊళ్లో లేనప్పుడు, రేపే ముహూర్తమని హడావుడి పడడంలో ఉంది.

ఇంకో చిక్కు, దిగినాయన ఎక్కడ కూర్చుంటాడు? బెల్జియంలో మూడో లియోపోల్డ్ 1951లో దిగి ఇరవై ఏళ్ల కొడుకు బోదువాను రాజును చేశాడు. చేసి, అదే కోటలో 1960 దాకా ఉన్నాడు. కుర్ర రాజు నిర్ణయం తీసుకుంటే అది ఎవరి నిర్ణయమో అని జనం గుసగుసలాడేవారు. ఇది నాకు పుస్తకాల్లో అర్థమైన విషయం కాదు. శాఖాధిపతిగా విరమణ చేశాక రెండు నెలలపాటు అలవాటు కొద్దీ కళాశాలకు వెళ్లేవాణ్ణి. నా స్థానంలోకి వచ్చినాయన నా శిష్యుడే. నేను గదిలోకి వెళ్తే లేచి నిలబడేవాడు, నేను కూర్చోమంటే కూర్చునేవాడు. నాకు బాగానే ఉండేది. ఒకరోజు అటెండరు హాజరు పట్టీ తెచ్చి, అలవాటుగా నా ముందు పెట్టాడు. నా చెయ్యి అలవాటుగా జేబులోని కలం మీదికి పోయింది. తల ఎత్తితే ఆ అబ్బాయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మర్నాటి నుంచి వెళ్లలేదు.

అందుకే నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు భూటాన్‌ది. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 2006 డిసెంబరులో, యాభై ఒకటో ఏట, ఇరవై ఆరేళ్ల కొడుక్కి అప్పగించారు. 2008లో ఎన్నికలు, అదే ఏడాది రాజ్యాంగం. అందులో రెండో అధికరణం స్పష్టంగా చెబుతుంది, రాజుకు అరవై ఐదేళ్లు నిండితే దిగిపోవాలి, యుక్తవయసు వచ్చిన వారసుడికి సింహాసనం అప్పగించాలి. ఇందులో ఎవరికీ అవమానం లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పుకోనక్కర్లేదు, కొడుకు తొందరపెట్టాడని జనం అనుకోనక్కర్లేదు. వారసుడికి యుక్తవయసు రాకపోతే ఆగాలన్న షరతు కూడా అందులోనే ఉంది. తిరుమల రాయల్లాంటి పిల్లవాడి గతి పట్టకుండా. అయితే అరవై ఐదు మరీ తక్కువేమో. నన్నడిగితే డెబ్బై ఐదు పెడతాను. నా వయసు అడక్కండి.

కాబట్టి మార్గరెథె, హరాల్డ్‌లలో ఎవరిది సరి అంటే, నా ఓటు మార్గరెథెకే. హరాల్డ్ దిగకపోయినా నార్వేకు పెద్ద నష్టం లేదు. 1973లో పుట్టిన హాకోన్ ఎన్నోసార్లు ప్రతినిధిగా పనిచేసి ఆరితేరాడు, 2024 నుంచి రాజు తన కార్యక్రమాలు శాశ్వతంగా తగ్గించుకున్నారు కూడా. కానీ తండ్రి పేరు మీద సంతకాలు పెట్టే కొడుకు ఎంత సమర్థుడైనా, తప్పు జరిగితే అది ఎవరిదో చెప్పలేని స్థితిలో ఉంటాడు. అకిహితో పట్టుకున్నది ఈ ముడినే.

ఇక పిలుపు సంగతి. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. నెదర్లాండ్స్‌లో దిగిన రాణి మళ్లీ యువరాణి అయిపోతుంది, ఇప్పుడు ఆమె యువరాణి బెయాట్రిక్స్. డెన్మార్క్‌లో మార్గరెథెను రాణి మార్గరెథె అనే పిలుస్తారు, అవసరమైతే ఆమె రాజప్రతినిధిగా సంతకం కూడా పెట్టవచ్చు. అంటే కుర్చీ పూర్తిగా వదిలినట్టు కాదు, నాకు అదొక్కటే అక్కడ నచ్చలేదు. స్పెయిన్‌లో హువాన్ కార్లోస్‌కు రాజు అన్న బిరుదు గౌరవార్థం మిగిలింది. జపాన్‌లో అకిహితోకు 'జోకో' అన్న పాత పేరు మళ్లీ తీశారు, షిరకవా నాటి పేరే. భూటాన్‌వాళ్లు 'నాలుగో రాజు' అంటారు, కొడుకు 'ఐదో రాజు'. లెక్క తేలిపోయింది.